సూది కదల్లేదు.. లీకు లేనట్టేనా?
కార్లకు గ్యాస్‌ కిట్టు బిగింపులో పీడన పరీక్షే కీలకం
డెల్టాలో ఎక్కువ చోట్ల కంటిచూపుతోనే సరి

రాజమహేంద్రవరం:

లీటరు పెట్రోలు ధర 2021లో వంద రూపాయలు దాటిన నాటి నుంచి గోదావరి జిల్లాల్లో కార్ల యజమానుల చూపు గ్యాస్‌ వైపు మళ్లింది. అద్దె కార్లు నడిపేవారు, రొయ్యలు, చేపల లోడుతో తిరిగే చిన్న వ్యాన్లవారు, రోజూ పల్లె నుంచి పట్నానికి వచ్చిపోయే ఉద్యోగులు కిట్టు ఖరీదు ఎన్ని నెలల్లో తిరిగి వస్తుందో లెక్క వేసుకుని మరీ షెడ్డుకు వస్తున్నారు. కంపెనీయే గ్యాస్‌తో అమ్మే బండ్ల సంగతి వేరు. పాత పెట్రోలు బండికి కిట్టు బిగించడంలోనే తిరకాసు అంతా ఉంది.

కిట్టు బిగింపు సుమారు ఒక రోజు పని. సిలిండరు డిక్కీలో కూర్చోబెట్టడం, బండి అడుగున పైపు లాగడం, ఇంజను పక్కన రెడ్యూసరు బిగించడం, వైర్లు కలపడం.. ఇవన్నీ యజమాని కళ్లెదుటే జరుగుతాయి. చివర మిగిలేది పీడన పరీక్ష. చీకటి పడుతుండగా, యజమాని తాళం కోసం తొందరపెడుతుండగా చేసే పని ఇది. వాల్వు తిప్పుతారు. గేజి సూది లేస్తుంది. ఐదు నిమిషాలు చూస్తారు. సూది కదలదు. రెండు మూడు జాయింట్ల మీద సబ్బునీళ్లు పూసి, బుడగ రాలేదని తాళం చేతికిస్తారు. బండి మీద, అందులో కూర్చునే కుటుంబం మీద వచ్చే తీర్పు ఆ ఐదు నిమిషాలదే. ఆ సూది చెప్పేదేమిటో, చెప్పనిదేమిటో తెలిసి చేస్తున్న పరీక్షలు ఎన్ని అన్నదే ప్రశ్న.

గ్యాస్‌ సీమకు కొత్త పాఠం కాదు

గ్యాస్‌ అంటే ఏమిటో ఈ ప్రాంతానికి వేరే చెప్పనక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో ఎగసిన మంటలు 65 రోజులు ఆరలేదు. 2014 జూన్‌ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో తాటిపాక నుంచి వెళ్లే గెయిల్‌ పైపులైను నుంచి గ్యాస్‌ లీకై, ఊరి మీద పరుచుకుని, ఒక్కసారిగా అంటుకుంది. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. గ్యాస్‌తో పాటు పైపులోకి చేరిన నీరు లోపలి నుంచి లోహాన్ని తినేయడమే కారణమని తర్వాత తేలింది. ఊళ్ల మధ్య నుంచి వెళ్లే ట్రంకు పైపులైన్లలో పీడనం సాధారణంగా వంద బార్‌కు లోపే ఉంటుంది. సీఎన్‌జీ కారు డిక్కీలో ఉండేది 200 బార్‌. నిల్వ కొద్దిపాటిదే కావచ్చు, కానీ అది వెనుక సీటుకు జానెడు దూరంలో ఉంటుంది.

కాకినాడలో భాగ్యనగర్‌ గ్యాస్‌, ఉభయ గోదావరి జిల్లాల్లో ఏపీజీడీసీ, హెచ్‌పీసీఎల్‌ కలిసి 2016లో నెలకొల్పిన గోదావరి గ్యాస్‌ సంస్థ సీఎన్‌జీ బంకులు తెరిచాక ఇంధనం దొరకదన్న బెంగ తగ్గింది. ఇంధనం దొరికినంత తేలిగ్గా సరైన పరీక్ష దొరకడం లేదన్నది ఇప్పటి సమస్య.

రెండు గ్యాస్‌లు.. రెండు స్వభావాలు

వాడుకలో అన్నిటినీ ‘గ్యాస్‌ కిట్టు’ అనేయడం వల్ల మొదటి పొరపాటు అక్కడే మొదలవుతోంది. ఎల్‌పీజీ సిలిండరులో ద్రవంగా ఉంటుంది. బయటికి వస్తే గాలికన్నా బరువు. నేల మీద, కారు అడుగున, గుంతల్లో నిలుస్తుంది. గాలిలో సుమారు 2 శాతం కలిస్తే చాలు, అంటుకుంటుంది. సీఎన్‌జీ ఎంత నొక్కినా వాయువే. గాలికన్నా తేలిక. పైకి పోతుంది, పోనివ్వకపోతే పైకప్పు కింద చేరుతుంది. అంటుకోవడానికి 5 శాతం కావాలి. ఒకదానికి పనికొచ్చే పరీక్ష రెండోదానికి పనికిరాదు. ఒకే గేజితో, ఒకే పద్ధతిలో రెంటినీ చూసి పంపేయడం ఇక్కడ పరిపాటిగా మారింది.

ఎల్‌పీజీ: మోసం చేసే సూది

వంటింటి అనుభవంతోనే దీన్ని అర్థం చేసుకోవచ్చు. గ్యాస్‌ బండ నిండుగా ఉన్నప్పుడూ పొయ్యి మంట అంతే, సగం అయినప్పుడూ అంతే. అయిపోయే చివరి రోజు దాకా మంట తగ్గదు. కారణం ఒక్కటే. లోపల ద్రవం ఉన్నంతసేపు పీడనం ఎంత గ్యాస్‌ ఉందన్న దాన్ని బట్టి ఉండదు, ఎంత వేడిగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. పోయిన వాయువు స్థానంలో కొంత ద్రవం ఆవిరై పీడనాన్ని మళ్లీ పూర్వస్థితికి తెస్తుంది.

దీని అర్థం భయం కలిగించేదే. ఎల్‌పీజీ కిట్టులో సిలిండరు వాల్వు తెరిచి ఉంచి, గేజి సూది నిలకడగా ఉందని చూస్తే ఆ పరీక్ష ఏమీ తేల్చదు. ఏదో జాయింటు నుంచి గ్యాస్‌ సన్నగా కారుతున్నా సూది కదలదు. ఆ లోటును సిలిండరు ఎప్పటికప్పుడు పూడుస్తూనే ఉంటుంది. గంట చూసినా అంతే, పూట చూసినా అంతే. మరోవైపు మధ్యాహ్నం ఎండలో చూసిన సూది రాత్రికి దిగితే లీకు ఉందని కంగారుపడి జాయింట్లన్నీ విప్పేవారూ ఉన్నారు. ఎండాకాలం మధ్యాహ్నానికి, తెల్లవారుజాముకు మధ్య ఇక్కడి ఉష్ణోగ్రతలో ఉండే తేడా చాలు, ఏ లీకూ లేకుండానే సూది దిగడానికి.

కాబట్టి పద్ధతి మారాలి. సిలిండరు వద్ద వాల్వు మూసి, రెడ్యూసరు వద్ద సొలినాయిడ్‌ మూసి, మధ్యలో ఉన్న పైపును వేరుచేసి చూడాలి. అది కూడా పూర్తి హామీ కాదు. పైపులో కొద్దిపాటి ద్రవం చిక్కుకుని ఉంటే అది ఆవిరవుతూ కాసేపు సూదిని నిలబెడుతుంది. అందుకే అనుభవజ్ఞులు గ్యాస్‌ ఎక్కించక ముందే పైపును పది, పదిహేను బార్ల నైట్రోజన్‌తో నింపి, వాల్వు మూసి, అరగంట తర్వాత చూస్తారు. నైట్రోజన్‌ ద్రవంగా మారదు కనుక దాని సూది అబద్ధం చెప్పదు. దిగితే ఎక్కడో దారి ఉన్నట్టే. అప్పుడు సబ్బునీళ్లతో వెతకాలి. సబ్బునీళ్లు ముందు, గేజి తర్వాత అన్న వరుస చాలా షెడ్లలో కనిపిస్తుంది. అది తలకిందుల వరుస. లీకు ఉందో లేదో చెప్పేది గేజి, ఎక్కడ ఉందో చూపేది సబ్బు.

ఎంత లీకు ప్రమాదం? లెక్క సులభమే. కారు లోపలి ఖాళీ సుమారు 3,000 లీటర్లు అనుకుంటే అందులో 2 శాతం అంటే 60 లీటర్ల ఆవిరి. ఒక లీటరు ద్రవ ఎల్‌పీజీ సుమారు 250 లీటర్ల ఆవిరిగా మారుతుంది. అంటే టీ గ్లాసు కన్నా కొంచెం ఎక్కువ ద్రవం, అద్దాలు మూసిన కారులో రాత్రంతా కారితే చాలు. తెల్లారి తలుపు తీయగానే లోపలి లైటు వెలుగుతుంది, ఆ స్విచ్చి దగ్గర ఒక్క నిప్పురవ్వ పుడితే చాలు.

సీఎన్‌జీ: కదిలినా భయం, కదలకున్నా భయం

సీఎన్‌జీది మరో కథ. ఇది వాయువే కనుక లీకైతే సూది దిగి తీరాలి. సూది దిగిన ప్రతిసారీ లీకు ఉన్నట్టు కాదు. బంకులో వేగంగా నింపేటప్పుడు సిలిండరులోని గ్యాస్‌ వేడెక్కుతుంది. 50 డిగ్రీల వద్ద 200 బార్‌ చూపిన సూది, గ్యాస్‌ 30 డిగ్రీలకు చల్లబడేసరికి 185కో, ఇంకా కాస్త దిగువకో వస్తుంది. బంకు నుంచి ఇంటికొచ్చి, భోజనం చేసి వచ్చి చూసేసరికి పదిహేను బార్‌ తగ్గిందని రుసరుసలాడుతూ షెడ్డుకు తిరిగొచ్చే యజమానులను ప్రతి మెకానిక్‌ చూసే ఉంటాడు. అది లీకు కాదు. మరుసటి ఉదయం ఒకసారి, ఆ మరుసటి ఉదయం అదే వేళకు మరోసారి, బండి నీడలో ఉండగా చూసిన అంకెలను పోల్చాలి. అప్పుడే పోలికకు విలువ.

ఇక కదలని సూది సంగతి. డిక్కీలోనో బానెట్‌ కిందో ఉండే గేజి 0 నుంచి 400 బార్‌ వరకూ ఉంటుంది. దానిపై గీతల మధ్య దూరం పది బార్‌ కావచ్చు, ఇరవై కావచ్చు. అందులో ఒక బార్‌ తేడా కంటికి ఆనదు. 60 లీటర్ల సిలిండరులో ఒక బార్‌ తగ్గడమంటే బయట సుమారు 60 లీటర్ల గ్యాస్‌ చేరడం. డిక్కీ ఖాళీ 300 లీటర్లు అనుకుంటే అందులో అంటుకోగలిగే మోతాదుకు 15 లీటర్లు చాలు. అంటే సూదిలో పావు బార్‌. ప్రపంచంలో ఏ కన్నూ ఆ గేజి మీద పావు బార్‌ను పట్టుకోలేదు.

అందుకే సీఎన్‌జీ సిలిండరు వాల్వు చుట్టూ గాలి చొరబడని సంచి, దాన్నుంచి కారు బయటికి గొట్టం పెట్టాలన్న నియమం వచ్చింది. లీకైన గ్యాస్‌ డిక్కీలో నిలవకుండా బయటికి పోవడానికి ఉన్న ఏకైక దారి అది. సామాను పెట్టుకోవడానికి అడ్డమొస్తోందని ఆ గొట్టం పీకేసే యజమానులు కొందరైతే, బురద రాకుండా గొట్టం మూతిని గుడ్డతో బిగించే మహానుభావులు మరికొందరు. చేసిన పరీక్ష ఎంత గొప్పదైనా ఈ గుడ్డ ముందు దిగదుడుపే.

మొదటిసారి ఒక్కసారిగా 200 బార్‌కు నింపడం కూడా తప్పే. ముందు ఇరవై, ముప్పై బార్‌ వరకూ ఎక్కించి ప్రతి జాయింటూ చూడాలి. తర్వాత వందకు, ఆ తర్వాత పూర్తిగా. తక్కువ పీడనంలో కారే నట్టు ఎక్కువ పీడనంలో మూసుకోవచ్చు. తక్కువలో నిలిచిన ఫెర్రూలు ఎక్కువలో జారవచ్చు. పీడనం ఉండగా నట్టు బిగించబోవడం అన్నిటికన్నా ప్రమాదకరం. లీకు కనిపించగానే చేయి స్పానర్‌ వైపు వెళ్లడం సహజం. ముందు పీడనం దించి, తర్వాతే స్పానర్‌ పట్టాలి.

పక్కనే ఉన్న ఆక్సిజన్‌ సిలిండరు

నైట్రోజన్‌ అందరి దగ్గరా ఉండదు. దొరికినా పరిశ్రమలకు నింపే మామూలు సిలిండరులో పీడనం 150 బార్‌ దరిదాపుల్లోనే ఉంటుంది కనుక సీఎన్‌జీ పైపును పూర్తి పీడనానికి తీసుకెళ్లలేదు. అయినా తొలి పరీక్షకు అది చాలు. షెడ్డులో నైట్రోజన్‌ లేనప్పుడు ఎదురుగా కనిపించేది వెల్డింగ్‌ ఆక్సిజన్‌. ‘ఇదీ గాలే కదా’ అన్న మాట వినిపిస్తుంది. ఇది గాలి కాదు. అధిక పీడనంలోని ఆక్సిజన్‌కు పైపులో మిగిలిన నూనె, గ్రీజు మరక తగిలితే నిప్పురవ్వ లేకుండానే పేలుతుంది. గ్యాస్‌ వాడిన పైపులోకి ఆక్సిజన్‌ పంపడమంటే చేజేతులా బాంబు తయారు చేసుకోవడమే. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ కూడా పూర్తిగా నిర్దోషి కాదు. కొత్త పైపుకైతే పర్వాలేదు, కానీ అప్పటికే గ్యాస్‌ ఉన్న పైపులోకి గాలిని నెడితే లోపల మండే మిశ్రమం తయారవుతుంది.

ఇంజను దగ్గర మరో పేచీ

లీకు పరీక్ష నెగ్గిన బండి కూడా రోడ్డెక్కాక మొరాయిస్తుంది. వంతెన ఎక్కేటప్పుడు ఊపు తగ్గడం, ఏసీ వేయగానే ఆగిపోవడం, గ్యాస్‌ నుంచి పెట్రోలుకు దానంతటదే మారిపోవడం మెకానిక్‌లు నిత్యం వినే ఫిర్యాదులు. ఇక్కడ చూడాల్సింది రెడ్యూసరు తర్వాతి పీడనం. సీక్వెన్షియల్‌ కిట్లలో అది ఎల్‌పీజీకి సుమారు ఒక బార్‌, సీఎన్‌జీకి సుమారు రెండు బార్‌. అయితే ఈ అంకె బయటి గాలితో పోల్చినది కాదు, ఇంజను మ్యానిఫోల్డులోని పీడనంతో పోల్చినది. ఈ ఒక్క సంగతి తెలియక జరిగే నష్టం ఇంతా అంతా కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎల్‌పీజీ కిట్టుకు ఒక బార్‌ పెట్టాలని కాగితంలో ఉంది. ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు మ్యానిఫోల్డులో గాలి పీల్పు వల్ల పీడనం బయటికన్నా 0.6 బార్‌ తక్కువ. రెడ్యూసరు దానికి ఒక బార్‌ పైన నిలుస్తుంది కనుక మామూలు గేజి 0.4 మాత్రమే చూపుతుంది. అది సరైన అంకే. మెకానిక్‌ అది తక్కువని భ్రమపడి, స్క్రూ తిప్పి గేజిలో ఒకటి వచ్చేదాకా పెంచుతాడు. అంటే అసలు తేడా ఇప్పుడు 1.6 బార్‌. ఐడిల్‌లో బండి ఎలాగో సర్దుకుంటుంది. రావులపాలెం దాటి హైవే మీద యాక్సిలేటర్‌ నొక్కగానే ఇంజనుకు అవసరానికి మించి గ్యాస్‌ పోతుంది. మైలేజీ పడిపోతుంది, చెక్‌ ఇంజన్‌ లైటు వెలుగుతుంది. తప్పు కిట్టుదని కొందరు, బండిదని కొందరు వాదులాడుకుంటారు. కంప్యూటర్‌ సాఫ్ట్‌వేర్‌ చూపే అంకెను, చేతి గేజి అంకెను పక్కపక్కన రాసుకుని మ్యానిఫోల్డు అంకెతో కలిపి చదివితే రెండు నిమిషాల్లో తేలే విషయమిది. ఆ రెండూ అప్పటికీ కుదరకపోతే సెన్సారో, దానికి వెళ్లే సన్నని రబ్బరు గొట్టమో చెడినట్టు.

ఐడిల్‌లో సరిగ్గా ఉండి, వేగం పెంచగానే పీడనం పడిపోతే రెడ్యూసరును అనుమానించడం ఆఖరున చేయాలి. ముందు ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. తర్వాత సిలిండరు వాల్వు పూర్తిగా తెరిచారో లేదో చూడాలి. వాల్వును ఒక్కసారిగా తిప్పితే పైపు తెగిందనుకుని భద్రతా వాల్వు తనంతట తాను ప్రవాహాన్ని బిగించేస్తుంది. చాలా ‘చెడిపోయిన రెడ్యూసర్ల’ అసలు జబ్బు అదే. మూసి, నెమ్మదిగా మళ్లీ తెరిస్తే నయమవుతుంది. రెడ్యూసరు మీద మంచు పేరుకుంటే రేడియేటర్‌ వేడినీరు దానికి అందడం లేదని అర్థం. కోనసీమ ఎండలో కారు బానెట్‌ కింద మంచు చూసి ముచ్చటపడకూడదు. ఇంజను ఆపాక కూడా రెడ్యూసరు తర్వాతి పీడనం మెల్లగా పెరుగుతుంటే లోపలి సీటు సరిగ్గా మూసుకోవడం లేదు. దీన్ని మాత్రం ఉపేక్షించరాదు.

పెట్రోలు వైపు సంగతి ఎవరూ అడగరు. ఈ బండ్లు పెట్రోలుతోనే స్టార్టవుతాయి, నీళ్లు వేడెక్కాకే గ్యాస్‌కు మారతాయి. ఎంత గ్యాస్‌ పంపాలన్న లెక్క కూడా పెట్రోలు ఇంజెక్టర్ల లెక్క మీదే ఆధారపడుతుంది. పెట్రోలు పంపు పీడనం తగ్గి ఉన్న బండికి కిట్టు బిగిస్తే ఆ లోపం గ్యాస్‌ లెక్కలోకీ పాకుతుంది. అందుకే బిగింపునకు ముందే పెట్రోలు పీడనం కొలిచి రాసిపెట్టాలి. గ్యాస్‌ వచ్చాక ట్యాంకులో రెండు లీటర్లతో నెలలు నెట్టుకొచ్చే అలవాటు మరో నష్టం. ట్యాంకులోని పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే. అది అడుగంటితే పంపు వేడెక్కి కాలిపోతుంది. గ్యాస్‌తో మిగిల్చిన డబ్బులో కొంత అలా తిరిగి ఖర్చవుతుంది.

ఉప్పునీటి ముప్పు

డెల్టాకే ప్రత్యేకమైన బెడద ఒకటి ఉంది. భీమవరం, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల చేపలు, రొయ్యలు మోసే వ్యాన్లలో ఐసు కరిగి ఉప్పునీరు రోజంతా కారుతూనే ఉంటుంది. ఆ నీరు సిలిండరు బిగించిన పట్టీల కింద, రబ్బరు అతుకుల కింద చేరి నిలుస్తుంది. పైకి రంగు నిగనిగలాడుతున్నా పట్టీ కింద లోహం పొరలు పొరలుగా ఊడుతుంటుంది. ఆ తుప్పును గేజి చూపలేదు, సబ్బునీళ్లు చూపలేవు. పట్టీ విప్పి కళ్లతో చూడాల్సిందే. కాలువ గట్ల మీద, లంక దారుల్లో కుదుపులకు బండి అడుగున లాగిన పైపు క్లిప్పులు వదులై, పైపు చాసిస్‌కు రాసుకుంటుంది. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి లిఫ్టు మీద పైకెత్తి చూడటం ఇక్కడ విలాసం కాదు.

నిబంధనలు ఏమంటున్నాయి?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 115బి సీఎన్‌జీకి, 115సి ఎల్‌పీజీకి వర్తిస్తాయి. అధీకృత పరీక్షా సంస్థ ఆమోదం పొందిన కిట్టునే బిగించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ప్రకారం మార్పును రిజిస్ట్రేషన్‌ పత్రంలో నమోదు చేయించాలి. బీఎస్‌-6 పెట్రోలు బండ్లకు కిట్టు బిగింపునకు 2022 ఆగస్టులో కేంద్రం వీలు కల్పించింది. బీమా కంపెనీకి తెలపడం మరో బాధ్యత. 2002 నాటి మోటారు టారిఫ్‌లో గ్యాస్‌ కిట్టుకు థర్డ్‌ పార్టీ కింద విధించిన అదనపు ప్రీమియం 60 రూపాయలు. ఆ కాస్త సొమ్ము, ఒక దరఖాస్తు మిగుల్చుకోబోయి ప్రమాదం జరిగాక పరిహారం కోసం తిరిగేవారి అవస్థ చెప్పనలవి కాదు.

ఇంటి బండను కారుకు కలపడం మాత్రం పరీక్షల పరిధిలోకే రాదు. 14.2 కిలోల వంట సిలిండరును వాహనానికి వాడటం 2000 నాటి ఎల్‌పీజీ సరఫరా ఉత్తర్వు ప్రకారం నేరం. దొంగచాటుగా మోటారుతో కారు సిలిండరులోకి ఎక్కించేవారు 80 శాతం దగ్గర ఆపే వాల్వును కూడా కొన్నిసార్లు పని చేయకుండా చేస్తారు. ఆ ఇరవై శాతం ఖాళీ ద్రవం వేడికి వ్యాకోచించడానికి ఉంచినది. నిండా నింపిన సిలిండరును ఎండలో నిలిపితే ద్రవానికి చోటు లేక పీడనం అమాంతం పెరిగిపోతుంది.

మూడేళ్లకోసారి.. ఆ తర్వాత?

సీఎన్‌జీ సిలిండరును మూడేళ్లకోసారి, వాహన ఎల్‌పీజీ సిలిండరును ఐదేళ్లకోసారి నీటి పీడనంతో పరీక్షించాలని గ్యాస్‌ సిలిండర్ల నిబంధనలు చెబుతున్నాయి. నాగపూర్‌ కేంద్రంగా ఉన్న పెసో ఆమోదించిన కేంద్రాల్లోనే ఇది జరగాలి. సీఎన్‌జీ సిలిండరును పని పీడనానికి ఒకటిన్నర రెట్లకు మించి, అంటే 330 బార్‌ పైచిలుకు నీటితో నొక్కి, అది ఎంత సాగిందో, తిరిగి ఎంత సర్దుకుందో కొలుస్తారు. నెగ్గితే తేదీ ముద్రిస్తారు. నీటితో చేయడానికి కారణముంది. సిలిండరు విఫలమైనా నీరు పేలదు.

ఈ పరీక్ష పేరు చెబితే యజమానికి గుర్తొచ్చేది ఖర్చు, బండి ఆగిపోయే రోజులు. గడువు దాటిన సిలిండరుకు గ్యాస్‌ పట్టమని బంకుల్లో నిరాకరించినప్పుడే చాలామంది కదులుతున్నారు. బంకువాడు చూసేది పలక మీది తేదీ మాత్రమే. పరీక్ష కోసం సిలిండరు దించారంటే పైపు విప్పినట్టు, నట్లు ఊడదీసినట్టు, వాల్వు సంచి తొలగించినట్టు. పరీక్ష నెగ్గి వచ్చిన సిలిండరును మళ్లీ బిగించేటప్పుడు ఒకసారి నొక్కుకుపోయిన పాత ఫెర్రూలునే తిరిగి వాడటం సర్వసాధారణం. సిలిండరుకు ధ్రువపత్రం ఉంటుంది. ఆ ఫెర్రూలుకు ఏ పత్రమూ ఉండదు. మొదటిరోజు చేసిన పీడన పరీక్షను ఆ సాయంత్రం మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఏ గ్యాస్‌తో, ఎన్ని బార్‌ వద్ద, ఎంతసేపు, మొదటి అంకె ఎంత, చివరి అంకె ఎంత అన్న ఐదు వివరాలు బిల్లు వెనుక రాసివ్వమని యజమాని అడిగితే కాదనడానికి షెడ్డువారికి కారణమేదీ లేదు. అడిగే యజమానులే అరుదు.